రాజుకి కాదన్న రోజు: అన్నమయ్య ఒంటరిగా నిలబడిన కథ

 

ఈ వారం వీడియో కోసం తాళ్లపాక వెళ్లొచ్చాం. ఊరు, గుడి, హైవే పక్కన ఉన్న 108 అడుగుల అన్నమయ్య విగ్రహం అన్నీ వీడియోలో చూపించాం. కానీ తిరిగి వచ్చేటప్పుడు దారి పొడుగునా నా మనసులో తిరిగిన విషయం ఇంకొకటి ఉంది. కెమెరా ముందు అది చెప్పడం నాకు చేతకాలేదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను. కొంచెం పెద్దగానే ఉంటుంది, తీరిగ్గా చదవండి.

అన్నమయ్య అనగానే మనలో చాలామందికి 1997లో వచ్చిన సినిమా గుర్తొస్తుంది. అందులో చెరసాల సీను గుర్తొస్తుంది. ఆయన పాట పాడుతుంటే సంకెళ్లు తెగి కిందపడతాయి. చిన్నప్పుడు మా జేజి పక్కన కూర్చుని ఆ సీను ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. సంకెళ్లు తెగగానే జేజి రెండు చేతులూ ఎత్తి గోవిందా అనేది. నేనూ అనేవాణ్ణి.

కథ అంతా ఆ సంకెళ్లు తెగడంలోనే ఉందని చాలా ఏళ్లు అనుకున్నాను. ఉద్యోగంలో చేరాక, ఒకసారి నేను చేయకూడని పని ఒకటి చేశాక, అసలు ఘట్టం అది కాదని తెలిసింది. అసలు ఘట్టం అంతకుముందే జరిగిపోయింది. నిండు సభలో, ఇంకా ఎవరూ సంకెళ్లు తేకముందే, ఆయన కాదు అన్నప్పుడు.

ఆ కాదు ఆయనకి ఎక్కడినుంచి వచ్చిందో మొదటినుంచి చూద్దాం.

తాళ్లపాక పిల్లాడు

తాళ్లపాక ఉమ్మడి కడప జిల్లాలో, రాజంపేట పక్కన ఉన్న చిన్న ఊరు. ఊళ్లో చెన్నకేశవస్వామి గుడి ఉంది. 1408లో, సర్వధారి నామ సంవత్సరం వైశాఖ మాసంలో, విశాఖ నక్షత్రం నాడు అన్నమయ్య పుట్టాడు. తల్లి లక్కమాంబ, తండ్రి నారాయణసూరి. ఈ వివరాలు మనకి ఇంత బాగా తెలియడానికి కారణం ఆయన మనవడు తాళ్లపాక చిన్నన్న. తాత జీవితాన్ని ద్విపద కావ్యంగా రాసిపెట్టాడు. నేను ఇక్కడ చెప్పేది ఎక్కువ భాగం ఆ మనవడు చెప్పిన కథే.

పిల్లాడికి చిన్నప్పటినుంచీ పాటలే. ఎప్పుడు చూసినా స్వామి మీద ఏదో ఒకటి పాడుకుంటూ తిరిగేవాడు. ఇంట్లో పెద్ద కుటుంబం, చేయాల్సిన పని బోలెడు. పనీ పాటా లేకుండా తిరుగుతున్నాడని ఒకరోజు అందరూ మందలించి, పశువులకి గడ్డి కోసుకురమ్మని పంపారు. గడ్డి కోస్తుంటే కొడవలి తగిలి చిటికెన వేలు తెగింది. రక్తం చూసి పిల్లాడు ఏడ్చాడు. ఆ నొప్పిలో ఉండగానే, తిరుమల వెళ్తున్న యాత్రికులు గోవింద నామాలు పాడుకుంటూ ఆ దారిన పోతూ కనిపించారు. కొడవలి అక్కడే వదిలేసి వాళ్ల వెంట నడిచాడు.

వేలు తెగినందుకు ఇల్లు వదిలి పోవడం మనకి వింతగానే ఉంటుంది. కానీ ఆ నొప్పిలో ఆ పిల్లాడికి ఒకటి అర్థమైందని చిన్నన్న చెప్తాడు. ఎంత దగ్గరివాళ్లయినా చివరిదాకా మన వెంట ఉండలేరు, ఉండేది ఒక్కడే అని. ఈ మాట మనమూ వేదాంతంలా చాలాసార్లు విన్నాం. ఆ పిల్లాడు మాత్రం దాన్ని నమ్మి నడక మొదలుపెట్టాడు. ఒంటరిగా నిలబడడం అనేది ఆయనకి రాజసభలో కొత్తగా వచ్చింది కాదు. ఆ గడ్డి పొలంలోనే మొదలైంది.

కొండ ఎక్కుతూ మోకాళ్ల పర్వతం దగ్గరికి వచ్చేసరికి ఆకలి, అలసట తట్టుకోలేక కళ్లు తిరిగి పడిపోయాడు. అలమేలుమంగమ్మ ఒక పెద్దావిడ రూపంలో వచ్చి, చెప్పులు వేసుకుని ఈ కొండ ఎక్కకూడదని చెప్పి, ప్రసాదం పెట్టి ఆకలి తీర్చిందని కథ. లేచి అమ్మవారి మీద శతకం చెప్పాడు.

ఆయన సంకీర్తనలు చెక్కిన రాగిరేకుల మీద ఒక మాట ఉంది. 16వ ఏట స్వామి ప్రత్యక్షమయ్యాడని, అప్పటినుంచి సంకీర్తనలు చెప్పాడని. అంటే 1424. చివరి రోజు 1503 ఫిబ్రవరి 23, దుందుభి సంవత్సరం ఫాల్గుణ బహుళ ద్వాదశి. దాదాపు 79 ఏళ్లు. మొత్తం 32,000 సంకీర్తనలు అంటారు. లెక్క వేసి చూడండి, రోజుకి ఒకటి కంటే ఎక్కువే. ఒంట్లో బాగాలేని రోజులు, ఇంట్లో చావులు పెళ్లిళ్లు, ప్రయాణాలు, యుద్ధాలు, కరువులు అన్నీ ఆ 79 ఏళ్లలోనే ఉన్నాయి. అన్నింటి మధ్యా ఆ నాలుక స్వామి పేరు మానలేదు. ఈ లెక్క గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

అహోబిలం నేర్పిన పాఠం

తిరుమల తర్వాత ఆయన జీవితంలో నాకు చాలా ముఖ్యంగా కనిపించే చోటు అహోబిలం. ఉమ్మడి కర్నూలు జిల్లాలో, నల్లమల అడవి మధ్యలో. అహోబిల మఠం మొదటి పీఠాధిపతి ఆదివణ్ శఠగోప యతి దగ్గర అన్నమయ్య వేదాంతం చదువుకున్నాడు.

అహోబిలం వెళ్లినవాళ్లకి తెలుసు. దిగువ అహోబిలం వరకు బస్సు పోతుంది. ఎగువకి వెళ్లాక అసలు నడక మొదలవుతుంది. రాళ్లు, వాగు, మెట్లు, మళ్లీ రాళ్లు. పైన ఉగ్రస్తంభం ఉంది. హిరణ్యకశిపుడి కొలువులో స్వామి చీల్చుకుని వచ్చిన స్తంభం అదే అని మన నమ్మకం. ప్రహ్లాద బడి అని ఒక గుహ కూడా ఉంది.

ఒక్కసారి ఊహించుకోండి. వేదాంతం నేర్చుకుంటున్న యువకుడు. రోజూ కళ్లముందు ప్రహ్లాదుడి కథ జరిగిన కొండ. ఆ కథలో ఏముంది? ఒక ఐదేళ్ల పిల్లాడు. ఎదురుగా ఉన్నది శత్రువు కాదు, సొంత తండ్రి. ఆ తండ్రే రాజు. గురువులు రాజు జీతగాళ్లు. కొలువంతా రాజు ఉప్పు తిన్నవాళ్లే. పిల్లాడి వైపు మాట్లాడేవాడు ఒక్కడూ లేడు. ఇంతకీ తండ్రి అడిగింది ఏంటి? రాజ్యం కాదు, యుద్ధం కాదు. హరి పేరు తీసేసి, ఆ చోట నా పేరు పెట్టు అన్నాడు. అంతే.

ఆ పిల్లాడు తండ్రిని ఒక్క మాట తిట్టలేదు. పారిపోలేదు. ఆ ఒక్క పని మాత్రం చేయలేదు.

అన్నమయ్యకి ఈ కథ ఎన్నిసార్లు చెవిన పడి ఉంటుందో! కొన్నేళ్ల తర్వాత ఇదే ప్రశ్న తనకి ఎదురైంది. అడిగినవాడి పేరు కూడా నరసింహుడే కావడం ఇంకో విచిత్రం.

అడిగినవాడు చెడ్డవాడు కాదు

సాళువ నరసింహరాయుడు. సినిమాలో చూసి ఆయన్ని విలన్ అనుకుంటాం. చరిత్ర చూస్తే అలా లేదు. తాళ్లపాకకి దగ్గర్లోనే ఉన్న టంగుటూరులో ఉండే ప్రభువు. మంచి వీరుడు. విజయనగర సామ్రాజ్యం చేతకాని రాజుల చేతుల్లో కూలిపోతున్న సమయంలో, 1485లో సింహాసనం ఎక్కి దాన్ని నిలబెట్టినవాడు. 1491 వరకు పాలించాడు. అన్నిటికంటే ముఖ్యంగా ఆయన కూడా వేంకటేశ్వరుడి భక్తుడే. స్వామికి ఆయన చేయించిన కైంకర్యాలు, ఇచ్చిన గ్రామాలు తిరుమల శాసనాల్లో ఇప్పటికీ ఉన్నాయి.

ఆయనే అన్నమయ్య దగ్గరికి వచ్చాడు. పాటలు విని మురిసిపోయాడు. అర్జునుడికి కృష్ణుడు తోడున్నట్టు నాకు తోడుగా ఉండమని అడిగాడు. అన్నమయ్య సరేనన్నాడు. టంగుటూరులో స్నేహంగా ఉన్నారు. రాజు గెలుపులు ఎక్కువయ్యాయి, పెనుకొండకి మారాడు. మిత్రుణ్ణి అక్కడికీ పిలిపించుకున్నాడు. గౌరవం, ఇల్లు, దేనికీ లోటు లేని జీవితం. అన్నమయ్యకి అప్పటికి సంసారం ఉంది. ఆయన భార్య తిమ్మక్క సుభద్రా కల్యాణం రాసిన కవయిత్రి. పిల్లలు ఉన్నారు. రాజాశ్రయం అంటే ఆ రోజుల్లో జీతం, ఇన్సూరెన్స్, సెక్యూరిటీ అన్నీ కలిపి ఒక్కటే.

నాకు ఈ కథలో మొదట అర్థం కానిది, తర్వాత బాగా అర్థమైనది ఇదే. మనల్ని తప్పు చేయమని అడిగేవాళ్లు చాలాసార్లు చెడ్డవాళ్లు కారు. చెడ్డవాడు అడిగితే కాదనడం తేలిక. మనకి అన్నం పెట్టినవాడు, కష్టంలో ఆదుకున్నవాడు, మనం ప్రేమించేవాడు నవ్వుతూ అడుగుతాడు. అప్పుడే గొంతు పెగలదు.

సభలో ఆ రోజు

పెనుకొండలో ఒకరోజు కొలువు తీరి ఉంది. రాజు అన్నమయ్యని పాడమన్నాడు. అమ్మవారి మీద, స్వామి మీద ఒక శృంగార సంకీర్తన పాడాడు. సభ అంతా మైమరిచిపోయింది. రాజు అయితే మళ్లీ మళ్లీ పాడించుకున్నాడు. ఆ ఆనందంలోనే అడిగేశాడు, ఇలాంటి పాట ఒకటి నా మీద చెప్పమని.

ఆలోచిస్తే చిన్న కోరిక. ఒక్క పాట. 32,000 పాటల్లో ఒక్కటి. కవులు రాజుల మీద పద్యాలు చెప్పడం ఆ కాలంలో ఎవరూ తప్పు అనుకోరు, అది వాళ్ల వృత్తి. చెప్తే బంగారం ఇస్తారు. ఆ సభలో కూర్చున్న పండితులందరికీ ఇది ఎందుకు కాదనాలో కూడా అర్థమై ఉండదు.

అన్నమయ్య రెండు చెవులూ మూసుకున్నాడు. హరి హరి అన్నాడు. ముకుందుణ్ణి పొగిడిన నాలుకతో నిన్ను పొగడలేనని చెప్పేశాడు.

ఆయన చెప్పిన కారణం చూడండి. రాజు అయోగ్యుడు అనలేదు. నువ్వు పాపివి అనలేదు. రాజు గురించి అసలు మాట్లాడలేదు. తన నాలుక గురించి మాట్లాడాడు. ఇది ఒకరికి ఇచ్చేశాను, ఇక ఇది నాది కాదు, నాది కానిదాన్ని నీకెలా ఇస్తాను అని. శ్రీహరికి పాడిన శృంగారాన్ని ఒక మనిషికి అంటగట్టడం ఆయనకి దొంగతనం కంటే తక్కువ తప్పు కాదు.

స్నేహితుడి ముఖం మారింది. అంతమందిలో రాజు మాట కింద పడింది. నిన్నటిదాకా అర్జునుడు, కృష్ణుడు అన్నవాడు ఇప్పుడు సంకెళ్లు వేయమన్నాడు. మూరురాయరగండ అనే పేరున్న బరువైన సంకెల వేసి చెరసాలలో పెట్టారు. అన్నమయ్య వైపు ఆ సభలో ఒక్కరైనా లేచి మాట్లాడినట్టు కథలో లేదు. పాటకి తలలూపినవాళ్లందరూ అక్కడే ఉన్నారు.

చెరసాలలో పాట

చెరసాలలో ఆయన పాడిన సంకీర్తన అంటూ పెద్దలు చెప్పేది మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. దాన్ని ఇక్కడ ఎత్తి రాయను, విషయం మాత్రం చెప్తాను. కష్టాల జాబితా అది. ఆకలేసినప్పుడు, అలసిపోయినప్పుడు, పరువు పోయినప్పుడు, పరాయివాళ్ల చేతికి చిక్కినప్పుడు, ఇనుము కాళ్లకి పడ్డప్పుడు, ప్రాణం తీయడానికి పిలిచినప్పుడు, అప్పులవాళ్లు అడ్డం నిలబడినప్పుడు. ఇన్నింటికీ ఒకటే జవాబు, హరినామం తప్ప వేరే దిక్కు లేదని.

అప్పులవాళ్లు ఆ జాబితాలో ఉండడం నాకు చాలా ఇష్టం. చావు పక్కనే ఈఎంఐ కూడా పెట్టాడు మహానుభావుడు. భయం పెద్దదా చిన్నదా అని స్వామి కొలిచి చూడడని ఆయనకి తెలుసు.

ఇంకొకటి గమనించండి. ఆ పాటలో నా సంకెళ్లు తెంచు అనే కోరిక కనబడదు. రాజుని శిక్షించు అని లేదు. దిక్కు ఎవరో చెప్పాడు, అంతే.

పాడగా సంకెళ్లు ఊడిపోయాయి. కాపలావాళ్లు పరుగెత్తి రాజుకి చెప్పారు. రాజు నమ్మలేదు. స్వయంగా వచ్చి, తన కళ్లముందే మళ్లీ సంకెల వేయించాడు. ఇప్పుడు పాడు చూద్దాం అన్నాడు. మళ్లీ పాడాడు. మళ్లీ ఊడిపోయింది. నరసింహరాయుడు కాళ్ల మీద పడ్డాడు. చేసింది తప్పని ఒప్పుకున్నాడు. బంగారంతో, పల్లకీతో గౌరవించాడు.

అన్నమయ్య క్షమించాడు. ఓడిపోయిన రాజుని ఒక్క మాట అనలేదు. తర్వాత తిరుమలకి, తన స్వామి దగ్గరికి వెళ్లిపోయాడు.

నా సంగతి

ఇప్పుడు నేను కెమెరా ముందు చెప్పలేకపోయింది చెప్తాను.

హైదరాబాద్‌లో నా మొదటి ఉద్యోగం. మా టీమ్ లీడ్‌ని అన్నా అనే పిలిచేవాణ్ణి. నిజంగా అన్నలాగే ఉండేవాడు. మా నాన్నకి ఆపరేషన్ అయినప్పుడు రెండు వారాలు నా పని కూడా తనే చేసి, ఎవరికీ తెలియనివ్వలేదు. ఆ తర్వాత కొన్ని నెలలకి, ఒకరోజు సాయంత్రం, క్లయింట్‌కి వెళ్లాల్సిన రిపోర్ట్ ఒకటి పంపించాడు. కొన్ని టెస్టులు చేయలేదు. చేసినట్టు రాసి నా పేరు పెట్టమన్నాడు. టైమ్ లేదు, తర్వాత చేసేద్దాంలే అన్నాడు. నవ్వుతూనే అడిగాడు.

పెట్టాను.

ఏమీ జరగలేదు. ఎవరూ పట్టుకోలేదు. అన్న భుజం తట్టాడు. ఇంటికి వెళ్లి స్నానం చేసి, రోజూలాగే దీపం పెట్టి గోవింద నామాలు మొదలుపెట్టాను. నాలుగైదు నామాలయ్యేసరికి ఆగిపోయాను. సాయంత్రం అబద్ధానికి సరే అన్నదీ ఈ నాలుకే కదా అనిపించింది. గబగబా ముగించి లేచాను. ఆ తర్వాత చాలా రోజులు దీపం ముందు నిలబడ్డానే గానీ కూర్చోలేదు. బిజీగా ఉన్నానని నాకు నేనే చెప్పుకున్నాను.

అన్నమయ్య చెప్పిన కారణం అప్పుడు అర్థమైంది. ఆయన చెరసాలకి భయపడలేదని కాదు. నాలుక ఒక్కటే అని ఆయనకి తెలుసు. రాజు మీద పాట చెప్పి ఉంటే, మరుసటి రోజు స్వామి ముందు పాడడానికి ఆయన దగ్గర ఏ నాలుక ఉండేది?

ఏడాది తర్వాత అలాంటిదే ఇంకొకటి వచ్చింది. అదే అన్న, అదే నవ్వు. ఈసారి కాదన్నాను. గొప్పగా ఏమీ చెప్పలేదు. గొంతు వణికింది. నేను చేయలేను అన్నా, చేసినవరకే రాస్తాను అన్నాను. అంతే. నా సంకెళ్లేమీ తెగలేదండీ. ఇంకో ప్రాజెక్ట్‌కి మార్చారు, ఆ ఏడాది అప్రైజల్ పోయింది. రాజు వచ్చి కాళ్ల మీద పడలేదు. అన్న ఇప్పటికీ నాతో మాట్లాడడు. నాకు అది ఇప్పటికీ బాధే.

మరి సంకెళ్లు తెగకపోతే?

ఇది మీరూ అడుగుతారని తెలుసు, ఎందుకంటే నేనే నన్ను అడుక్కున్నాను. నమ్మాను, నిలబడ్డాను, మరి నాకేం ఒరిగింది?

అన్నమయ్య తర్వాత రెండు వందల ఏళ్లు కూడా కాకముందు భద్రాచల రామదాసు ఉన్నాడు. ఆయన గోల్కొండ చెరసాలలో 12 ఏళ్లు ఉన్నాడని అంటారు. ఆయనా పాడాడు. ఆయనా ఏడ్చాడు, రాముణ్ణి నిలదీశాడు కూడా. ఒకరికి వెంటనే, ఒకరికి పన్నెండేళ్లకి. ఒకరిది గట్టి భక్తి, ఇంకొకరిది మెత్తటి భక్తి అని మనం చెప్పగలమా? చెప్పలేం.

అన్నమయ్య అహోబిలంలో నేర్చుకున్న సంప్రదాయంలో శరణాగతికి అంగాలు చెప్తారు. స్వామికి ఇష్టమైనది చేయాలనుకోవడం. ఆయనకి ఇష్టం లేనిది వదిలేయడం. ఆయన కాపాడతాడని గట్టిగా నమ్మడం. కాపాడమని కోరడం. నాకు వేరే బలం లేదని ఒప్పుకోవడం. రెండోదాన్ని ప్రాతికూల్య వర్జనం అంటారు. నన్ను ఆపేసింది ఇదే.

అప్పటిదాకా నేను ఇలా అనుకునేవాణ్ణి. ముందు మనం ధైర్యంగా తప్పుకి ఎదురు నిలబడాలి, తర్వాత దేవుడు వచ్చి సాయం చేస్తాడు. ధైర్యం మనది, సాయం ఆయనది. కానీ మన పెద్దలు అలా విడదీయలేదు. స్వామికి ఇష్టం లేనిదాన్ని వదిలేయడం కూడా శరణాగతిలో భాగమే అన్నారు. అంటే కాదు అన్న క్షణంలోనే మనం ఆయన చేతుల్లోకి వెళ్లిపోయాం. సాయం కోసం ఎదురుచూడడం ఆ తర్వాత మొదలయ్యేది కాదు.

అన్నమయ్య కాదన్నప్పుడు సంకెళ్లు తెగుతాయని ఆయనకి తెలియదు. తెలిసి కాదంటే అది నమ్మకం కాదు, లెక్క. తెలియకుండానే అన్నాడు. తెగకపోయినా ఆ పాటే పాడేవాడని నేను నమ్ముతాను. ఎందుకంటే ఆయనకి పాట ఆయుధం కాదు, అలవాటు. సభలో కాదు అనడానికి అర నిమిషం పట్టి ఉంటుంది. ఆ అర నిమిషం వెనక, రోజుకి ఒకటికి మించి పాడుకుంటూ వచ్చిన ఏళ్లున్నాయి. నేను మొదటిసారి ఓడిపోయింది ధైర్యం లేక కాదు. నా రోజుల్లో స్వామి పేరు రెండు నిమిషాల పని మాత్రమే. అవసరం వచ్చేసరికి నా నాలుకకి వేరే అలవాటు ఉంది.

రాగిరేకులు

కథ చివర ఒక మాట. అన్నమయ్య కొడుకు పెద తిరుమలాచార్యుల కాలంలో ఆ పాటలన్నీ రాగిరేకుల మీద చెక్కించి, తిరుమల గుడిలో సంకీర్తన భాండాగారం అనే చిన్న అరలో పెట్టారు. కాలం మారింది. రాజ్యాలు పోయాయి. సాళువ వంశం 20 ఏళ్లకే సింహాసనం పోగొట్టుకుంది. ఆ అరలో పాటలున్నాయన్న సంగతి కూడా జనం మరిచిపోయారు. మళ్లీ 1922లో ఆ రేకులు బయటపడ్డాయి, 2,000కు పైగా. వేటూరి ప్రభాకరశాస్త్రి, రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ లాంటి పెద్దలు ఏళ్ల తరబడి కూర్చుని వాటిని చదివి, సరిచూసి మన చేతికిచ్చారు. ఇప్పుడు దొరుకుతున్నవి 12,000కు పైగా సంకీర్తనలు. మిగతావి పోయాయి.

సాళువ నరసింహరాయుడు తన పేరు నిలవాలని ఒక పాట అడిగాడు. అది ఆయనకి దక్కలేదు. ఈ రోజు మనలో చాలామందికి ఆయన పేరు తెలిసింది మాత్రం, ఆ దక్కని పాట కథ వల్లే.

తాళ్లపాక నుంచి తిరిగి వస్తూ రాజంపేటలో టీ కోసం ఆగాం. పక్క షాపులో ఫోన్‌లో అన్నమయ్య కీర్తన మోగుతోంది. టీ పోస్తున్నాయన పని చేసుకుంటూనే దానితో పాటు చిన్నగా గొణుగుతున్నాడు. ఆరువందల ఏళ్ల క్రితం అదే చుట్టుపక్కల ఒక పిల్లాడు పనీ పాటా లేకుండా పాడుకుంటూ తిరుగుతున్నాడని తిట్లు తిన్నాడు కదా అని గుర్తొచ్చి నవ్వుకున్నాను.

ఈ వారం మనందరం కలిసి ఒక చిన్న పని చేద్దాం. రోజుకి ఒక్క కీర్తన. వినడం కాదు, పాడడం. శ్రుతి, రాగం రాకపోయినా పర్లేదు, స్నానం చేస్తూ అయినా, బైక్ మీద వెళ్తూ అయినా పాడండి. ఎప్పుడో ఒకరోజు, మీకు బాగా కావలసినవాళ్లు ఎవరో నవ్వుతూ ఒకటి అడుగుతారు. ఆ రోజు మీ వైపు ఎవరూ లేచి నిలబడకపోవచ్చు. నాలుకకి అలవాటు ఉంటే, ఆ అర నిమిషంలో ఏం అనాలో దానికి తెలుస్తుంది.

ఇప్పటికే ఒకసారి ఓడిపోయి ఉంటే, నాలాగ, దీపం ముందు మళ్లీ కూర్చోండి. కాళ్ల మీద పడ్డ రాజుని అన్నమయ్యే క్షమించాడు. ఆయన స్వామి మనల్ని క్షమించడా?

వచ్చే వారం అహోబిలం వీడియోతో కలుద్దాం. నవ నారసింహ క్షేత్రాలన్నీ నడిచి చూపిస్తాం, ఉగ్రస్తంభం దాకా వెళ్తాం.

గోవిందా గోవింద!